బాగాలేదు అనడానికి కూడా పర్మిషన్ కావాలా?

ఊరెళ్ళొచ్చిన ఆడపిల్లని "ఎలా ఉంది?" అని అడిగితే మన ఇళ్ళల్లో చెల్లే జవాబు ఒక్కటే: సూపర్. "బాగుంది" అన్నా కాస్త తక్కువే. "పర్వాలేదు" అంటే అడిగినవాళ్ళ మొహం మారిపోతుంది. "నాకేం నచ్చలేదు" అంటే ఇక ఆ మాట మీద రెండు వారాలు పంచాయితీ నడుస్తుంది. ఆ చివరి జవాబు కూడా నోరు తెరిచి చెప్పే వీలు మనకి ఉండాలని నా అభిప్రాయం. అది లేకపోతే మనకి వెళ్ళే స్వేచ్ఛ వచ్చిందని చెప్పుకోవడంలో అర్థం లేదు.

ఊరికే అనడం లేదు. సెమిస్టర్ పరీక్షలయ్యాక మా పిన్ని కూతురూ నేనూ వీపున చెరో బ్యాగూ తగిలించుకుని కౌలాలంపూర్ వెళ్ళి మూడు రాత్రులుండి వచ్చాం. నచ్చలేదు. అసహ్యం పుట్టలేదు, భయం వేయలేదు, ఎవరూ మోసం చేయలేదు, జ్వరం రాలేదు, పాస్‌పోర్టు పోలేదు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా చెప్పుకోడానికి ఒక కథన్నా మిగిలేది, వినేవాళ్ళూ అయ్యో అనేవాళ్ళు. అలాంటిదేమీ లేదు. వెళ్ళాం, చూశాం, పెద్దగా ఏమీ అనిపించలేదు, వచ్చాం. ఇంత చప్పటి సంగతిని ఎక్కడ పెట్టాలో మన ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు.

కౌలాలంపూరే ఎందుకంటే, చెన్నై వాళ్ళకి విదేశం అనే మాట అంత దగ్గర్లో, అంత చవగ్గా దొరికే చోటు అది. విమానంలో నాలుగు గంటల లోపు. తిరునల్వేలికి స్లీపర్ బస్సులో పోయే టైములో సగం కూడా పట్టదు. 2023 డిసెంబర్ నుంచి మనవాళ్ళకి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు ఒకటి నింపితే చాలు. అక్క సోళింగనల్లూరులో ఐటీ కంపెనీలో పని చేస్తుంది, ఆమెకి నాలుగు రోజులు లీవు దొరికింది. నేను సాయంత్రాలు మా వీధి పిల్లలకి ట్యూషన్ చెప్పి ఏడాదిపాటు దాచిన డబ్బు కొంత, మా నైనా ఇచ్చింది కొంత. ఆ ఇచ్చిన "కొంత" చుట్టూ ఇంట్లో ఎంత చర్చ జరిగిందో ఇక్కడ రాస్తే ఈ గోడ చాలదు.

ఎయిర్‌పోర్టు సెపాంగ్ అనే చోట ఉంది, ఊరికి 50 కిలోమీటర్ల పైనే. ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో చేరుస్తుంది. టికెట్టు 55 రింగిట్లు. మేం వెళ్ళినప్పుడు రింగిట్ మన 20 రూపాయలకి అటూ ఇటూ ఉంది. మనిషికి వెయ్యి పైన రైలుకేనా అని బస్సెక్కాం. గంట దాటింది. ఆ గంటా కిటికీలోంచి పామాయిల్ తోటలు, తర్వాత ఫ్లైఓవర్లు, వాటి కింద ఇంకో వరస ఫ్లైఓవర్లు. కొత్త దేశంలో దిగిన మొదటి గంట కదా అని కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తూనే ఉన్నాను. అక్క నిద్రపోయింది.

హాస్టల్లో ఆడవాళ్ళకి విడిగా ఆరు మంచాల గది, అంతా బంకు మంచాలే. కిటికీ లేదు. ఫొటోల్లో డాబా మీద చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది, మేం వెళ్ళేసరికి దానికి తాళం ఉంది. ఇవన్నీ పెద్ద కష్టాలు కావు, ఆ డబ్బుకి అంతే వస్తుంది. బ్యాక్‌ప్యాకర్లంటే రాత్రంతా గిటార్ వాయిస్తూ లోకజ్ఞానం పంచుకుంటారని సినిమాలు చూసి అనుకుంటాం. మా గదిలో మిగతా నలుగురూ తెర లాక్కుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లు చూసుకున్నారు. మేమూ అంతే.

అసలు చిక్కు ఊరితోనే. కౌలాలంపూర్ కార్లున్న వాళ్ళ ఊరు. నడిచేవాళ్ళని అది మనుషుల కింద లెక్కపెట్టినట్టు లేదు. మెట్రో, మోనోరైలు, లోకల్ రైళ్ళు అన్నీ ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి, టైముకి వస్తున్నాయి. స్టేషన్ దాటి బయటికి కాలు పెట్టాక మొదలవుతుంది. మ్యాపులో 600 మీటర్లు అని చూపించే చోటికి పోవాలంటే ఎదురుగా ఎనిమిది వరసల రోడ్డు. దాటడానికి దారి లేదు. ఎక్కడో పావు కిలోమీటరు అవతల ఒక వంతెన, ఆ వంతెన దిగితే ఒక మాల్, ఆ మాల్‌లోంచి బయటపడ్డానికి మూడు ఎస్కలేటర్లు. ట్విన్ టవర్స్ నుంచి బుకిట్ బింతాంగ్ దాకా నడిచేవాళ్ళ కోసం ఏసీ వేసిన పొడుగాటి వంతెన ఒకటి కట్టారు. దాంట్లో నడుస్తుంటే బాగానే ఉంటుంది, కానీ ఊళ్ళో నడుస్తున్నట్టు ఉండదు. చెన్నైలో నడవడం సుఖమని నేననను. మౌంట్ రోడ్డు దాటాలంటే నాకిప్పటికీ దేవుడు గుర్తొస్తాడు. అయినా మన రోడ్లమీద పూలమ్మే అవ్వ ఉంటుంది, టీ కొట్టు ఉంటుంది, ఆగి ఊపిరి పీల్చుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ మేం నడిచిన పెద్ద రోడ్ల పక్కన చాలాసేపు గోడ, కంచె, కార్ పార్కింగ్ తప్ప ఏమీ తగల్లేదు.

పైగా వాన. భూమధ్యరేఖకి మూడు డిగ్రీల దూరంలో ఉన్న ఊరు, పొద్దున ఉక్క, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం నాలుగున్నరకి ఉరుములతో వాన. మూడు రోజులూ అంతే. వాన వస్తే ఎక్కడికి పోతాం? మాల్‌లోకి. అక్కడ ఉన్న షాపులు మన రాయపేటలో, వేలచేరిలో కూడా ఉన్నాయి. అదే టీ షర్టు, అదే కాఫీ, ధరలో కూడా పెద్ద తేడా లేదు. మూడు రోజుల్లో మొత్తం కలిపి ఏడు గంటలు మాల్స్‌లో వాన తగ్గేదాకా కూర్చున్నామని అక్క లెక్క కట్టింది. ఆమెకి ఆఫీసులో టైమ్‌షీట్ నింపే అలవాటు.

ట్విన్ టవర్స్ సంగతి చెప్పకపోతే ఎవరూ ఊరుకోరు. పెట్రోనాస్ వాళ్ళవి, 88 అంతస్తులు, 452 మీటర్లు. 1998 నుంచి 2004 దాకా ప్రపంచంలో వాటికంటే ఎత్తయిన భవనం లేదు. 41, 42 అంతస్తుల దగ్గర రెండింటినీ కలుపుతూ ఒక వంతెన. పైకి పోయే టికెట్లు ఇద్దరికీ కలిపితే మా రెండు రాత్రుల మంచాల అద్దెని మించిపోయాయి, కింద నుంచే చూశాం. రాత్రి లైట్లు వేశాక నిజంగా అందంగా ఉన్నాయి, అబద్ధం చెప్పను. కానీ ఆ అందాన్ని నేను అప్పటికే చూసేశాను. ప్రభాస్ "బిల్లా"లో చూశాను, రజనీకాంత్ "కబాలి"లో చూశాను, మా క్లాసులో సగంమంది బంధువుల స్టేటస్‌లలో చూశాను. వాటి ముందున్న మెట్ల మీద జనమంతా వీపు టవర్లకి పెట్టి, మొహం ఫోన్లకి పెట్టి నిలబడి ఉన్నారు. టవర్లు రెండూ ఒక్క ఫొటోలో పట్టవు కాబట్టి ఫోనుకి తగిలించే లెన్సులు అమ్మేవాళ్ళు ఒక డజను మంది తిరుగుతుంటారు. ఒకతను మమ్మల్ని చూడగానే తమిళంలో "వాంగమ్మా" అన్నాడు. ఇంతదూరం వచ్చింది తి.నగర్ రంగనాథన్ వీధిలో పిలిచే పిలుపు వినడానికా అని నవ్వుకున్నాం.

ఊరి పేరు మీద నాకు ఆశ ఉండేది. కౌలాలంపూర్ అంటే మలయ్ భాషలో బురద సంగమం. క్లాంగ్, గొంబాక్ అని రెండు నదులు కలిసే చోట తగరం గనుల కోసం వచ్చినవాళ్ళు వేసిన ఊరు. సంగమం అనే మాటకి మనకి వేరే బరువుంది కదా. వెళ్ళి చూస్తే రెండు సిమెంటు కాలవలు, మట్టి రంగు నీళ్ళు, గట్టు మీద టూరిస్టుల కోసం వదిలే పొగమంచు. మన కూవం వాసన లేదు, అంత వరకు మేలు. ఆ రెండు కాలవల మధ్య మూలలో 1909 నాటి జామెక్ మసీదు ఉంది, ఎర్ర ఇటుక, తెల్ల చారలు, చుట్టూ కొబ్బరిలాంటి చెట్లు. ఆ ఊళ్ళో నా కంటికి ఆనింది అదొక్కటే. దాని ఎదురుగా అరగంట కూర్చున్నాను. దాని గురించి ఇంట్లో చెప్తే "మసీదు చూడ్డానికి మలేషియా పోవాలా, ట్రిప్లికేన్‌లో లేదా?" అన్నారు మా అవ్వ.

బాతు గుహలు తప్పకుండా చూడమన్నారు అందరూ. 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ విగ్రహం 2006లో పెట్టారు, గుహలోకి 272 మెట్లు, వాటికి 2018లో రంగులేశారు. ఎక్కాం. కోతులు ఒకామె చేతిలోంచి జ్యూస్ లాక్కున్నాయి. పైన గుహ పెద్దది, పైకప్పులో కన్నం, అందులోంచి వెలుగు. యూరప్ వాళ్ళు నోరు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్ళని చూస్తే ముచ్చటేసింది. మాకు మాత్రం, వడపళని వెళ్ళే బస్సు ఇంటి ముందే ఆగుతుంది, తిరుత్తణికి ఏటా పోతాం. మెట్లు, మురుగన్, కోతులు, కొబ్బరికాయలు, చెప్పులు విడిచే చోట గొడవ. వంద ఏళ్ళకి పైగా అక్కడి తమిళులు కష్టపడి తమ ఇంటిని అక్కడ తిరిగి కట్టుకున్నారు, అది గొప్ప సంగతే. కానీ కొత్తదనం వెతుక్కుంటూ పోయిన చెన్నై పిల్లలకి దొరికింది చెన్నై. తిండి కూడా అంతే. రోతి చనాయ్ అని అక్కడ పొద్దున్నే తినేది మన పరోటానే. ఆ "చనాయ్" చెన్నై నుంచే వచ్చిందని అక్కడివాళ్ళే చెప్పుకుంటారు. అక్క మాంసం, చేప ముట్టదు. అక్కడి పచ్చళ్ళలో, కూరల్లో రొయ్యల ముద్ద ఎక్కడుంటుందో చెప్పలేం. దాంతో రెండో రాత్రి బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు ముందు కూర్చుని పెరుగన్నం తిన్నాం. పెరుగన్నం బాగుంది.

ఒక్క సంగతి మాత్రం వేరుగా చెప్పాలి. రాత్రి పదిన్నరకి ఇద్దరం మోనోరైలు దిగి పది నిమిషాలు నడిచి హాస్టల్‌కి వచ్చాం. ఎవరూ చూడలేదు. పక్కన బండి ఆపలేదు, "ఎక్కడికి" అనలేదు, పాట పాడలేదు. మా పక్కనుంచి ఒంటరిగా ఆడవాళ్ళు చాలామందే ఫోన్లు చూసుకుంటూ నడిచిపోయారు. ఆ పది నిమిషాలు మాకు పూర్తిగా ఏమీ జరగలేదు. దానికి ఫొటో లేదు, స్టేటస్ పెట్టలేం, ఇంట్లో "ఏం చూశారు?" అంటే జవాబుగా చెప్పలేం. ఇప్పటికీ నేను దాన్ని ఆ ఊరి గొప్పతనం కింద రాయడం లేదు. మూడు రాత్రులతో ఒక ఊరికి భద్రత సర్టిఫికేట్ ఇవ్వడానికి నేనెవర్ని? కాకపోతే జరిగింది కాబట్టి చెప్తున్నాను.

ఇక తెలుగు. మన డిపార్ట్‌మెంట్‌లో కౌలాలంపూర్ అనగానే సీనియర్ మేడమ్‌గారికి గుర్తొచ్చేది 1981. మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాదులో జరిగితే, రెండోవి జరిగింది అక్కడే. అక్కడ మలయా ఆంధ్ర సంఘం 1955లోనే పెట్టుకున్నారు, అదే ఇప్పటి మలేషియా తెలుగు సంఘం. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి తీరాల నుంచి తెల్లదొరల కాలంలో రబ్బరు తోటలకీ కొబ్బరి తోటలకీ కూలీలుగా పోయినవాళ్ళ వారసులు వాళ్ళు. "వెళ్తున్నావు కదా, తెలుగువాళ్ళెవరైనా కలిస్తే రాసుకుని రా" అన్నారు మేడమ్. కలవలేదు. వాళ్ళు ఎక్కువగా ఉండేది పెరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతోక్ లాంటి చోట్ల. అవి మూడు రోజుల బ్యాక్‌ప్యాకర్ మ్యాపులో ఉండవు. ఊళ్ళో ఇండియన్ అంటే తమిళం అనే లెక్క. ఇది మనకి కొత్తా? "అరె, మీరు తెలుగా, తెలియనే లేదే" అని చెన్నైలో మనకి వారానికొకరు చెప్తూనే ఉంటారు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో నాకు అరిటాకు వేసినతను కూడా తెలుగువాడే అయ్యుండొచ్చు. నేను తమిళంలో అడిగాను, అతను తమిళంలో వడ్డించాడు.

ఇక్కడ ఒక ముసలావిడ రావాలి. యాత్రల గురించి మనం చదివే వ్యాసాల్లో ఇలాంటి చోటే ఆవిడ వస్తుంది. ఊరు నచ్చక నిరాశగా ఉన్న వ్యాసకర్త ఒక సందులోకి తిరుగుతుంది, అక్కడ ఒక ముసలావిడ టీ ఇచ్చి తలమీద చెయ్యి వేస్తుంది, ఊరంతా ఒక్కసారిగా అందంగా మారిపోతుంది. నాకు అలాంటి ఆవిడెవరూ తగల్లేదు. టీ డబ్బులిచ్చి కొనుక్కున్నాను, తియ్యగా ఉంది. ఆ ముసలావిడలందరూ నిజంగా ఉన్నారా అని ఈమధ్య నాకు అనుమానంగా ఉంది. ఆవిడ లేకపోతే వ్యాసం ముగియదు, ఖర్చు దండగ అయిపోతుంది, కాబట్టి ఆవిడ రావాల్సి వస్తోందేమో.

నాకు ఎదురయ్యే వాదన నాకు తెలుసు. "మూడు రోజుల్లో ఊరి గురించి నీకేం తెలుస్తుందమ్మా?" నిజమే, మూడు రోజులకి మూడు రోజుల అభిప్రాయమే వస్తుంది. నాకు తెలిసినవాళ్ళలో అదే కౌలాలంపూర్ రెండు రోజులు చూసొచ్చి "సూపరో సూపర్" అన్నవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళనెవరూ "రెండు రోజుల్లో నీకేం తెలిసింది?" అని నిలదీయలేదే! మెచ్చుకోడానికి రెండు గంటలు చాలు, మెచ్చకపోడానికి మాత్రం అక్కడే పుట్టి పెరిగి ఉండాలా? నాకు ఈ లెక్క అర్థం కాదు. ఊరిని నేను తిట్టడం లేదు. లక్షలమంది అక్కడ హాయిగా బతుకుతున్నారు, ఆ ఊరు నన్ను మెప్పించడానికి కట్టింది కాదు. నాకు కుదరలేదు, అంతే. మా ప్లానూ మంచిదే, మా డబ్బుకి తగ్గ హాస్టలే, చూడాల్సినవి చూశాం. ఎవరి తప్పూ లేకుండా కూడా ఒక ప్రయాణం చప్పగా ఉండొచ్చు. ఆ ఒక్క ముక్క ఒప్పించడానికే నాకు ఇంట్లో రెండు వారాలు పట్టింది, ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

మా పెదనాన్న కొడుకు పోయినేడు స్నేహితులతో బ్యాంకాక్ వెళ్ళొచ్చాడు. భోజనాల దగ్గర "ఏముంది, అంతా వేస్టు, ట్రాఫిక్కు, ఎండ" అన్నాడు. అందరూ నవ్వారు. వాడికి అనుభవం వచ్చిందన్నారు. మా పెదనాన్నయితే "నాలుగు ఊళ్ళు తిరిగితేనే కదా ఏది వేస్టో తెలిసేది" అని గర్వంగా చెప్పాడు. ఆ మాట విని నేను చాలా సంతోషించాను, నాకూ వర్తిస్తుందనుకుని. నేను వచ్చి "అంతగా ఏం లేదు" అన్నప్పుడు నా పాస్‌పోర్టు బీరువాలో అమ్మ పట్టుచీరల కిందికి వెళ్ళిపోయింది. "దీనికేనా అంత గోల చేశావు?" అన్నారు. వాడికి అదే మాట అనుభవం. నాకు అదే మాట సాక్ష్యం, నన్ను పంపకుండా ఉండాల్సిందని.

ఇందులో ఉన్న కిటుకు ఇది. మనకి ఇచ్చే అనుమతి అప్పులాంటిది. దాని మీద సంతోషం అనే వడ్డీ కట్టాలి. నవ్వుతూ ఫొటోలు పంపాలి, వచ్చాక కళ్ళు మెరుస్తూ చెప్పాలి, అప్పుడే తర్వాతి అనుమతి. నాతోపాటు అక్కడ మెట్ల మీద ఫొటోలు తీసుకుంటున్న మన ఊరి అమ్మాయిల్లో ఎంతమంది అప్పు తీరుస్తున్నారో అనిపించింది. అక్క మూడో రోజు వానలో తడిసి, కాలికి బొబ్బలెక్కి, బస్ స్టాపులో నిలబడి, పిన్నికి వీడియో కాల్ చేసి "చాలా బాగుందమ్మా" అంది. ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. నేనేం అనలేదు. మార్చిలో మళ్ళీ లీవు పెట్టాలనుకుంటోంది పాపం.

ప్రయాణాలకే పరిమితమైతే నేనింత రాయను. పోట్లాడి తెచ్చుకున్న ప్రతిదానికీ ఇదే రూలు. హాస్టల్లో ఉంటానని పట్టుబట్టి చేరిన అమ్మాయి అక్కడి సాంబారు బాగాలేదని ఇంటికి ఫోన్ చేసి చెప్పలేదు. చెప్తే "వచ్చెయ్" అంటారు. ఉద్యోగం చేస్తానని గెలిచిన పిల్ల ఆఫీసు విసుగ్గా ఉందని అనలేదు. నచ్చినవాడిని చేసుకున్న ఆడపిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాడికి గురక ఉందని కూడా పుట్టింట్లో అనకూడదు. మన సంగతే తీసుకోండి. కామర్స్ వద్దు, కంప్యూటర్ సైన్స్ వద్దు, తెలుగే చదువుతానని ఇంట్లో కొట్లాడి వచ్చినవాళ్ళం మనలో సగంమందిమి ఉన్నాం. ఛందస్సు పీరియడ్ అప్పుడప్పుడు నిద్రొస్తుందని ఇంట్లో అనగలమా? "నువ్వే కదా కావాలన్నావు" అని రెడీగా ఉంటారు. (ఛందస్సు చెప్పే మేడమ్ కూడా ఈ గోడ దగ్గర నిలబడి చదువుతారని తెలుసు. మేడమ్, నాకు ఛందస్సు ఇష్టమే. మధ్యాహ్నం రెండు గంటల పీరియడ్‌తోనే గొడవ.)

కావాలన్నది కొన్నిసార్లు మామూలుగా ఉంటుంది. మామూలుగా ఉన్నా అది మనకి కావాల్సిందే. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పడం మగపిల్లలకి చిన్నప్పట్నుంచీ అలవాటు. క్రికెట్ మ్యాచ్‌కి వెయ్యి రూపాయలు పెట్టి పోయి "చెత్తాట" అని వస్తారు, వచ్చే వారం మళ్ళీ పోతారు.

మనకి పాఠంగా ఉన్న కాశీయాత్ర చరిత్ర ఇంకోసారి తిరగేయండి. ఏనుగుల వీరాస్వామయ్యగారు మన ఊరివారే, చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830లో బయల్దేరి 1831లో తిరిగొచ్చారు, పుస్తకం 1838లో అచ్చయింది. అందులో సగం ఏముంటుంది? ఇక్కడ దారి ఇసుక, ఇక్కడ రాళ్ళు, ఈ ఊళ్ళో సరుకులు దొరకవు, ఈ ఊళ్ళో నీళ్ళు బాగున్నాయి, దిగడానికి ఇది తగిన చోటు, అది కాదు. కాశీకి పోతూ కూడా దారి బాగాలేకపోతే బాగాలేదనే రాశారు. పుణ్యానికి పోయినాయన దాన్ని దాచలేదు. అందుకే ఈనాటికీ ఆ పుస్తకాన్ని నమ్మి చదువుతున్నాం. ఇదే ఊరి తెలుగావిడ పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు వెళ్ళొచ్చి తాను తెలుగులో రాసుకున్నది తానే ఇంగ్లీషు చేసి 1876లో పుస్తకం వేయించింది. నూటయాభై ఏళ్ళ కిందటి మాట. మన ఊరి ఆడవాళ్ళకి ఓడ ఎక్కడమూ కొత్త కాదు, చూసింది రాయడమూ కొత్త కాదు. చూసింది చూసినట్టు ఇంట్లో చెప్పడం దగ్గరే మనం ఇంకా ఆగిపోయాం.

ఇంట్లోవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట ఉంది, అది లేదన్నట్టు రాస్తే అన్యాయం. మా నైనా ఇచ్చిన డబ్బు ఆయన ఓవర్‌టైము డబ్బు. దానికి బదులుగా బిడ్డ మొహంలో సంతోషం చూడాలనుకోవడం తప్పు కాదు. "బాగాలేదు" అనగానే ఆయనకి తను ఇచ్చింది బాగాలేదన్నట్టు వినిపించింది. ఆ రాత్రి ఆయనకి మసీదు దగ్గర కూర్చున్న అరగంట గురించి చెప్పాను, రాత్రి పదిన్నరకి నడిచిన పది నిమిషాల గురించి చెప్పాను. రెండోది విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, టవర్ ఎక్కాల్సింది" అన్నారు. అబద్ధం చెప్పి ఉంటే ఈ రెండు ముక్కలూ మా మధ్య వచ్చేవి కావు.

అందుకే ఈ వ్యాసం కింద ఒక తెల్ల చార్టు అంటించాం. మీరు చూసొచ్చిన ఊరు ఏదైనా సరే, ఊటీ అయినా, సింగపూర్ అయినా, కొడైకెనాల్ ఎక్స్‌కర్షన్ అయినా, మీకు అంతగా నచ్చకపోతే ఆ ఊరి పేరు, ఎందుకో ఒక్క వాక్యం రాయండి. మీ పేరు రాయనక్కర్లేదు. మేడమ్‌లు కూడా రాయొచ్చు. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి, మార్చి దాకా కొంతమందికి ఇబ్బంది. పెన్ను దారంతో మేకుకి కట్టి ఉంది, దయచేసి తీసుకుపోవద్దు.